ముట్టె నలుపు, ఒళ్ళు తెలుపు: ఒంగోలు జాతి మీద మచ్చల తగాదా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఒక మచ్చ గురించి. అరచేయంత మచ్చ.

ఒక ఒంగోలు ఆవు ఈనిందనుకోండి. తల్లి తెల్లగా ఉంది. కట్టిన ఆంబోతు కూడా మంచిదే, నలుగురూ మెచ్చిందే. పుట్టిన దూడకి మాత్రం పక్కటెముకల మీద ఎర్రటి మచ్చ ఒకటుంది. ఇప్పుడు చెప్పండి, ఇది ఒంగోలు జాతేనా, కాదా? ఈ ప్రశ్న ప్రకాశం జిల్లాలో పాతకాలపు రైతుని అడిగితే ఒక జవాబు వస్తుంది. మా కృష్ణా జిల్లాలో బండలాగుడుకి ఎడ్లని మేపేవాళ్ళని అడిగితే ఇంకో జవాబు. అమెరికాలో టెక్సాస్ వాళ్ళది మరో జవాబు. బ్రెజిల్ వెళ్తే అక్కడ ఈ మచ్చ కోసమే పనిగట్టుకుని దూడల్ని పుట్టించేవాళ్ళు కనిపిస్తారు. పశువు ఒకటే, రక్తం ఒకటే, నాలుగు తీర్పులు. ఎందుకిలా అయిందనేదే ఇవాళ్టి కథ.

నేను ఉండేది గన్నవరంలో. గన్నవరం అనగానే అందరికీ విమానాశ్రయం గుర్తొస్తుంది. 1998 నుంచి ఇక్కడ ఎన్టీఆర్ పేరుతో పశువైద్య కళాశాల కూడా ఉంది. సంక్రాంతి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలో బండలాగుడు పోటీలు జరుగుతాయి. అందుకని పశువుల మీద తీర్పులు చెప్పే మనుషులకి మా వైపు కరువు లేదు. ఒకరు కాళ్ళు చూస్తారు, ఒకరు మూపురం చూస్తారు, ఒకరు పొదుగు చూస్తారు. అందరికంటే ముందు కంటికి కనిపించేది మాత్రం రంగే.

ముందు ఒంగోలు జాతి లక్షణాలు ఒకసారి చెప్పుకుందాం. ఒళ్ళు తెలుపు, నిగనిగలాడే తెలుపు. మగవాటికి తల, మెడ, మూపురం మీద ముదురు బూడిదరంగు. మోకాళ్ళ దగ్గరా, గిట్టల పైభాగంలోనూ కొన్నిటికి నల్లటి గుర్తులు. ముట్టె నలుపు. కనురెప్పల వెంట్రుకలు నలుపు. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి చర్మం. తోక కుచ్చు నలుపు. గిట్టలు నలుపు. కొమ్ములు పొట్టివి, మొదట్లో లావువి. గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతుంది.

ఇక పనికిరానివేమిటో చూడండి. ప్రదర్శనల్లో జడ్జీలు తప్పుపట్టేవి ఇవి: ముట్టె గులాబీరంగులో ఉండటం, కనురెప్పల వెంట్రుకలు తెల్లగా ఉండటం, తోక కుచ్చు తెల్లబడటం, గిట్టలు లేతరంగులో ఉండటం, ఒంటి మీద ఎర్ర మచ్చలు, వెనక భాగంలో ముదురు బూడిదరంగు. గమనించారా? ఈ జాబితాలో ఎక్కడా పాలు లేవు, బలం లేదు, రోగం తట్టుకునే శక్తి లేదు. అన్నీ కంటికి కనిపించే గుర్తులే.

ఈ గుర్తుల పట్టింపు ఎక్కడినుంచి వచ్చింది? కాగితాలు లేని కాలంలోకి వెళ్తే తప్ప ఇది అర్థం కాదు.

ఒంగోలు, అద్దంకి, కందుకూరు, నరసరావుపేట, బాపట్ల, ఈ ప్రాంతమంతా ఈ జాతికి పుట్టిల్లు. నల్లరేగడి నేలలు, జొన్న చొప్ప, చేలగట్ల మీద గడ్డి. ఒంగోలు తాలూకా 1904 వరకూ నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. ఈ పాత సరిహద్దుల సంగతి ఇప్పుడెందుకంటారా? 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన పశువులు నెల్లూరు జిల్లా పశువులుగానే వెళ్ళాయి. అందుకే ఇవాళ బ్రెజిల్‌లో వీటిని 'నెలోరె' అంటారు. మనం ఒంగోలు అంటాం, ప్రపంచంలో సగం నెల్లూరు అంటుంది. రెండూ నిజమే, జిల్లా గీత మారిందంతే.

ఆ రోజుల్లో ఈ జాతిని కాపాడిన వ్యవస్థ ఒకటుంది. దాని పేరు ఇవాళ తిట్టుగా మారిపోయింది. 'అచ్చోసిన ఆంబోతు' అంటాం కదా, పనీపాటా లేకుండా ఊరి మీద తిరిగేవాణ్ణి. అసలు అర్థం వేరు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా పోతే, ఆయన పేరు మీద ఒక మంచి కోడెదూడని చూసి, ఒంటి మీద అచ్చు వేసి, దేవుడి పేరున వదిలేసేవాళ్ళు. దాన్ని ఎవరూ కట్టెయ్యకూడదు, కొట్టకూడదు, కాడి వెయ్యకూడదు. ఎవరి చేలో మేసినా అడగకూడదు. ఊళ్ళో ఆవులన్నిటికీ అదే ఆంబోతు. అంటే ఒకసారి ఎంచిన కోడె పదేళ్ళపాటు ఊరి పశుసంపద మొత్తానికి తండ్రి అన్నమాట.

మరి ఆ ఎంపిక ఎలా జరిగేది? ఇంగ్లీషు దొరలు వాళ్ళ పశువులకి వంశావళి పుస్తకాలు రాసుకున్నారు. మన ఊరి పెద్దల దగ్గర అలాంటి పుస్తకం లేదు. ఉన్నవి రెండే: తల్లి ఎవరింటి ఆవో గుర్తుంచుకున్న మనుషులు, ఎదురుగా నిలబడ్డ దూడ. దూడ ఒంటి మీద ఏముందో దాన్నే చదవాలి. నల్లటి ముట్టె, నల్లటి కనురెప్పలు, నల్లటి తోక కుచ్చు... ఇవన్నీ కలిపి ఉంటే 'ఇది మన జాతిదే' అని నమ్మకం. ఒక గుర్తు తప్పితే, ఎక్కడో పరాయి రక్తం కలిసిందేమోనని అనుమానం. అంటే ఈ మచ్చలూ గుర్తులూ పశువు ఒంటి మీద రాసిన కాగితాలు. నా వాదన మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది, గుర్తుపెట్టుకోండి.

రైతులకి రంగుల మీద ఉన్న చూపు ఎంత సూక్ష్మమో మన మాటల్లోనే ఉంది. మైల ఎద్దు, పుల్లెద్దు, కర్రెద్దు, కపిలావు, మచ్చావు... పట్నంలో పుట్టిన పిల్లలకి ఇవన్నీ 'ఆవు'లే. పొలంలో పుట్టినవాడికి ఇవి వేరువేరు జీవులు. రంగు అయ్యాక సుడులు చూసేవాళ్ళు. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోట్లుంటాయి కదా, అవి. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మంచిది, ఫలానా చోట ఉంటే యజమానికి కీడు. ఎంత మంచి ఎద్దయినా సుడి బాగోలేదంటే సంతలో ధర పడిపోయేది. సుడికీ దున్నే బలానికీ సంబంధం లేదని నేను చెప్పక్కర్లేదు. కానీ ధర మాత్రం నిజంగానే పడిపోయేది, అదీ చరిత్రే.

మా డెల్టా సంగతి కొంచెం వేరు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, వరి పెరిగింది. వరితో పాటు గడ్డి పెరిగింది. వరి కోసిన చేలో పిల్లిపెసర, జనుము చల్లితే వేసవికి పచ్చిమేత. అంటే మేపడానికి డెల్టా, పుట్టించడానికి మెట్ట. మెట్ట ఊళ్ళ కోడెలు సంతల్లో చేతులు మారి డెల్టా కొట్టాల్లోకి వచ్చేవి. కొనుక్కునేవాడి చూపు పుట్టించేవాడి చూపులా ఉండదు. పుట్టించేవాడికి జాతి నిలబడాలి. కొనేవాడికి జత కుదరాలి. రెండెడ్లూ ఒకే ఎత్తు, ఒకే కొమ్ము, ఒకే రంగు. బండికి కట్టి ఊళ్ళోకి వస్తుంటే కవల పిల్లల్లా ఉండాలి. ఒకదానికి మూపురం నల్లగా ఉండి రెండోదానికి లేకపోతే జత చెడినట్టే. కాబట్టి డెల్టాలో కూడా గుర్తులే చూశారు, కానీ కారణం వేరు.

ఇక దొరల కాలానికి వద్దాం. 1920ల చివర్లో భారత వ్యవసాయం మీద రాయల్ కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు లిన్‌లిత్‌గో. ఆయనే 1936లో వైస్రాయిగా వచ్చాడు. పశువుల అభివృద్ధి ఆయనకి చాలా ఇష్టమైన విషయం. 1938లో ఢిల్లీలో అఖిల భారత పశు ప్రదర్శన పెట్టారు. ఇక్కడ మద్రాసు రాష్ట్రంలో లిటిల్‌వుడ్ అనే అధికారి 1936లో దక్షిణ భారత పశుసంపద మీద పుస్తకం రాశాడు. ఆ కాలంలోనే ఒక్కో జాతికీ లక్షణాలు రాతలోకి ఎక్కాయి. రైతు నోట్లో ఉన్నది జడ్జి చేతి కాగితం మీదకి వచ్చింది.

నోటిమాట కాగితమయ్యాక ఒక మార్పు వస్తుంది, చూడండి. రైతు నోట్లో ఉన్నప్పుడు దానికి కొంచెం సందు ఉండేది. 'మచ్చ ఉంది గానీ తల్లి మంచిది, పోన్లే' అని ఒక ఇల్లాలు దూడని ఉంచుకోవచ్చు. కాగితం మీద 'ఎర్ర మచ్చ: దోషం' అని రాశాక ఆ సందు ఉండదు. 1953లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ భారత, పాకిస్తాన్ పశుజాతుల మీద ఒక పుస్తకం వేసింది, జోషి, ఫిలిప్స్ అనే ఇద్దరు రాశారు. అందులో వాళ్ళు ఒప్పుకున్న విషయమేమిటంటే, ఒంగోలు పోలికలు పూర్తిగా ఉండి ఎర్రగా గానీ, ఎరుపు తెలుపు కలిసి గానీ ఉండే పశువులు అప్పుడప్పుడూ కనిపిస్తాయని. అంటే ఎరుపు బయటినుంచే రావాలని లేదు. జాతి లోపలే, అడుగున ఎక్కడో దాగి ఉంది.

ఇప్పుడు సముద్రం దాటుదాం.

1868లో ఇంగ్లండ్ వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఉన్న రెండు ఒంగోలు పశువులు అక్కడే అమ్ముడైపోయాయి. బ్రెజిల్ వాళ్ళు తమ నెలోరె చరిత్రని ఇక్కణ్ణుంచే మొదలుపెడతారు. పదేళ్ళకి, 1878లో, లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలో హాంబర్గ్ జంతు ప్రదర్శనశాల నుంచి ఒక జతని కొని తీసుకెళ్ళాడు. మన గిత్త జూలో ఉందన్నమాట, సింహాల పక్కన! తర్వాత ఓడల మీద ఓడలు వెళ్ళాయి. అయితే భారతదేశం నుంచి బ్రెజిల్ వెళ్ళిన మూపురపు పశువులు అన్ని జాతులూ కలిపినా ఏడు వేలకి మించవని లెక్క.

మొదట్లో అక్కడ మనవాటికి గిరాకీ లేదండీ. కారణం ఏమిటో తెలిస్తే నవ్వొస్తుంది. చెవులు! 1920, 30ల్లో బ్రెజిల్‌లోని ఉబెరాబా ప్రాంతంలో చెవుల పిచ్చి పట్టుకుంది. చెవి ఎంత పొడుగ్గా వేలాడితే పశువు అంత 'అసలైన భారతీయ' పశువని నమ్మారు. గుజరాత్ నుంచి వెళ్ళిన గిర్ జాతికి పొడుగు చెవులు. వాటినీ, కాంక్రేజినీ, మిగతావాటినీ కలిపి ఇందుబ్రాజిల్ అనే కొత్త జాతినే పుట్టించారు. దాని చెవులు ముట్టె దాటి కిందకి వేలాడేవి. మన ఒంగోలు చెవి పొట్టిది కదా, అందుకని పక్కన పెట్టారు. మాంసం కోసం పెంచే దేశంలో చెవి కొలిచి ధర కట్టారు! మన వాళ్ళ సుడులని వెక్కిరించేవాళ్ళు ఈ చెవుల కథ కూడా గుర్తుపెట్టుకోవాలి.

1938లో అక్కడ అధికారికంగా వంశావళి నమోదు మొదలైంది. ఎవరి దూడ ఏ తల్లిది, ఏ తండ్రిది అని రాయడం మొదలైంది. తర్వాత తూకాలు వచ్చాయి. తూకం వేసి చూస్తే పొడుగు చెవులు కిలోలు ఇవ్వవని తేలింది. ఏ మేత అయినా తిని, ఎండని తట్టుకుని, మనిషి సాయం లేకుండా ఈని, దూడని లేపి నిలబెట్టుకునే జాతి ఏదని చూస్తే, పొట్టి చెవుల నెలోరె ముందుకొచ్చింది.

1960ల మొదట్లో చివరి పెద్ద దిగుమతి జరిగింది. ఆ పశువుల్ని ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో ఉంచి, రోగాలు లేవని చూసుకుని లోపలికి రానిచ్చారు. వాటి పేర్లు వింటే మనకి ఒళ్ళు పులకరిస్తుంది. కర్‌వాది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు. చెకురుపాడు. గోదావరి. పోర్చుగీసు మాట్లాడే దేశంలో ఈ పేర్లు ఇప్పటికీ వంశావళి పుస్తకాల్లో ఉన్నాయి. ముఖ్యంగా కర్‌వాది రక్తం లేని నెలోరె మందని ఇవాళ వెతికి పట్టుకోవాల్సిందే. కరవదిలో పుట్టిన ఒక్క కోడె ఒక దేశపు పశుసంపదకి తాత అయ్యాడు.

ఇక టెక్సాస్. అక్కడ 1906లో భారతదేశం నుంచి కొన్ని పశువుల్ని దించుకున్నారు. 1924లో సంఘం పెట్టుకుని, ఒంగోలు, కాంక్రేజి, గిర్, కృష్ణావ్యాలీ జాతుల రక్తం కలిసిన వాటికి 'బ్రాహ్మన్' అని పేరు పెట్టారు. కలిపేసిన జాతి కాబట్టి రంగు మీద పట్టుదల సడలింది. బూడిదరంగు బ్రాహ్మన్ ఒక వరస, ఎర్ర బ్రాహ్మన్ ఒక వరస. రెండింటికీ ప్రదర్శనలో చోటుంది. మనం దోషమన్న ఎరుపుకి అక్కడ కప్పులు వచ్చాయి.

జావా దీవిలో ఇంకో రకం. డచ్చి వాళ్ళు మన పశువుల్ని సుంబా దీవిలో స్వచ్ఛంగా పెంచి, వాటితో జావా పశువుల్ని మెరుగుపరిచారు. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న మాట 'ఒంగోలిసాసి'. అంటే ఒంగోలీకరణం! ఒక జిల్లా కేంద్రం పేరు ఇంకో దేశంలో క్రియాపదం అయింది. అక్కడ దుక్కికీ బండికీ కావాలి కాబట్టి, మనలాగే తెలుపూ బూడిదా ఇష్టపడ్డారు.

ఇప్పుడు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. పాతవాళ్ళు చూసిన గుర్తుల్లో కొన్నిటికి గట్టి కారణం ఉంది. ఒంగోలు పశువుకి వెంట్రుక తెలుపు, కింద చర్మం నలుపు. తెల్ల వెంట్రుక ఎండని వెనక్కి కొడుతుంది. లోపలికి వచ్చిన కాస్త కిరణాన్నీ నల్ల చర్మం ఆపుతుంది. ముట్టె మీద, కంటి చుట్టూ వెంట్రుక పల్చన, అక్కడ చర్మమే కవచం. కంటి చుట్టూ రంగులేని పశువులకి ఎండ దేశాల్లో కంటి క్యాన్సర్ ఎక్కువని హియర్‌ఫర్డ్ లాంటి జాతుల్లో బాగా రుజువైంది. కాబట్టి 'నల్ల ముట్టె, కాటుక కన్ను' అన్న పట్టింపు ఉత్త ముచ్చట కాదు. బ్రెజిల్ వాళ్ళు చాలా నియమాలు మార్చుకున్నా, చర్మం నల్లగా ఉండాలన్న నియమం మాత్రం వదల్లేదు.

మగవాటి మెడ, మూపురం నల్లబడటం వయసుతో, మగ హార్మోన్‌తో వచ్చేది. అందుకే విత్తులు కొట్టించిన ఎద్దు, ఆంబోతంత ముదురుగా ఉండదు. 2021లో బ్రెజిల్ పరిశోధకులు నెలోరెల్లో ఈ ముదురు రంగుని ఎ.ఎస్.ఐ.పి. అనే జన్యువు దగ్గరున్న తేడాలతో ముడిపెట్టారు. గుర్రాల్లో, కుక్కల్లో, ఎలుకల్లో రంగుల్ని నడిపేదీ ఆ జన్యువే.

మరి తోక కుచ్చు? ఒంటి మీద ఎర్ర మచ్చ? వీటికి బలంతో, పాలతో, ఆరోగ్యంతో ముడిపెట్టే కారణం లేదు. ఇవి కేవలం గుర్తింపు కార్డులు. ఒకే జాబితాలో పనికొచ్చే గుర్తూ, కార్డు లాంటి గుర్తూ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయడమే తెలివి.

ఈ తగాదా పశువులదే అనుకోకండి. పూల వాళ్ళలోనూ అచ్చంగా ఇదే ఉంది. బియర్డెడ్ ఐరిస్ అని ఒక పువ్వు, చలిదేశాలది, మన డెల్టా ఉక్కలో బతకదు. కింది రేకుల మీద గడ్డంలా నూగు ఉంటుంది, అందుకా పేరు. 1844లో ఫ్రాన్స్‌లో లెమోన్ అనే తోటమాలి 'మదాం షెరో' అనే రకాన్ని తెచ్చాడు. తెల్ల రేకు, అంచంతా నీలి దారంతో కుట్టినట్టు గీతలు. దశాబ్దాలపాటు జనం దాని వెంట పడ్డారు. 1920లో అమెరికా వాళ్ళు ఐరిస్ సంఘం పెట్టుకున్నారు. పోటీలు వచ్చాయి, మార్కులు వచ్చాయి. అప్పుడు ఒక వర్గం, రేకు మొదట్లో ఉండే ఆ గీతలు చూడటానికి మురికిగా ఉన్నాయి, రేకంతా ఒకటే రంగుతో శుభ్రంగా ఉండాలి అంది. తరతరాలుగా ఎంచి ఎంచి ఆ గీతల్ని తుడిచేశారు. ఆ తర్వాత ఏమైంది? 1986లో ఎన్స్‌మింగర్ అనే ఆయన 'బాతిక్' అని ఒక రకం విడుదల చేశాడు. రేకు మీద రంగు చిమ్మినట్టు అడ్డదిడ్డంగా చారలు, ఏ రెండు పువ్వులూ ఒకలా ఉండవు. శుభ్రత కోరేవాళ్ళకి అది పాడైన పువ్వు, కొత్తవాళ్ళకి అదే అందం. ఇవాళ రెండు వర్గాలూ ఉన్నాయి, రెండూ ఒకే జాబితాలో అమ్ముడవుతున్నాయి.

పూలవాళ్ళకి ఆ స్వేచ్ఛ ఎలా వచ్చింది? ఏ పువ్వు ఏ పువ్వుతో కలిస్తే పుట్టిందో వాళ్ళు రాసి పెట్టుకున్నారు కాబట్టి. తల్లిదండ్రుల పేర్లు పుస్తకంలో ఉన్నప్పుడు, రేకు మీద గీత ఉన్నా లేకపోయినా అది ఎవరి బిడ్డో అనుమానం లేదు.

బ్రెజిల్ సంగతీ అదే. అక్కడ 'నెలోరె పింతాదో' అని ఉంది, అంటే మచ్చల నెల్లూరు. తెల్లటి ఒంటి మీద ఎర్ర, నల్ల మచ్చలు. మన ప్రదర్శనలో అయితే గేటు దగ్గరే ఆపేస్తారు. అక్కడ దాన్ని ఇష్టపడి పెంచేవాళ్ళున్నారు. కొమ్ముల్లేని నెలోరెలూ ఉన్నాయి. ఇదంతా ఎందుకు సాధ్యమైందంటే, వంశావళి ఉంది, ఇప్పుడు డి.ఎన్.ఎ. పరీక్ష ఉంది. పశువు ఒంటి మీద రాసిన కాగితం అవసరం లేదు, అసలు కాగితమే ఉంది. చాలామంది 'వాళ్ళకి డబ్బుంది కాబట్టి ముందుకెళ్ళారు' అంటారు. నాకు మాత్రం వాళ్ళు రాసుకున్నారు కాబట్టి ముందుకెళ్ళారనిపిస్తుంది.

2023లో బ్రెజిల్‌లో వియాతీనా-19 అనే నెలోరె ఆవు ధర నలభై లక్షల డాలర్లు దాటి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అప్పుడు మన టీవీల్లో 'ఒంగోలు ఆవుకి కోట్లు' అని తెగ చూపించారు. గర్వంగానే ఉంది. కానీ పదకొండు వందల కిలోల ఆ ఆవు తెలుపు చూసి ఎవరూ అంత డబ్బు పెట్టలేదు. దాని తాత ముత్తాతల లెక్కలు, దాని పిల్లల తూకాలు చూసి పెట్టారు. ఆ లెక్కల మొదటి పేజీల్లో మన ఊళ్ళ పేర్లున్నాయి. మన దగ్గర మాత్రం ఆ పుస్తకం లేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. ట్రాక్టర్ వచ్చాక దుక్కికి ఎద్దు అక్కర్లేకుండా పోయింది. పాలకి జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు, ముర్రా గేదెలు వచ్చాయి. ఒంగోలు గిత్తకి మిగిలిన పని రెండు చోట్ల. ఒకటి ప్రభుత్వ క్షేత్రాలు: గుంటూరు దగ్గర లాం, చదలవాడ, నెల్లూరు జిల్లాలో చింతలదేవి. రెండోది బండలాగుడు. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా పెట్టుకున్నది 'వీర' అనే గిత్తనే. చిహ్నంగా బాగానే ఉంది, కొట్టంలోనే లేదు.

బండలాగుడు పోటీలు చూస్తే మన కళ్ళ ముందే రుచి మారుతోందని తెలుస్తుంది. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. టేపు పెట్టి కొలుస్తారు. తోక కుచ్చు తెల్లగా ఉందని ఎవరూ అడుగులు తగ్గించరు. అందుకని బండలాగుడువాళ్ళు రంగు దగ్గర కొంచెం ఉదారంగా ఉంటారు, తుంటి దగ్గరా గిట్ట దగ్గరా మాత్రం కఠినంగా ఉంటారు. ప్రదర్శన జడ్జీ దానికి సరిగ్గా తలకిందులు. ఇద్దరూ ఒంగోలు జాతినే ప్రేమిస్తున్నారు, కానీ ఇద్దరూ రెండు వేరు పశువుల్ని తయారు చేస్తున్నారు. ఒకరు అందాన్ని కాపాడుతూ బలాన్ని మర్చిపోవచ్చు, ఇంకొకరు బలం కోసం జాతినే మర్చిపోవచ్చు. పాలు ఇచ్చే తల్లిని మాత్రం ఇద్దరూ పట్టించుకోవడం లేదు. ఆంబోతు ఫొటోలు వందలు, దాని తల్లి ఫొటో ఒక్కటీ ఉండదు.

మంద పెద్దదిగా ఉన్నప్పుడు మచ్చ ఉన్న దూడని వదిలేసినా నష్టం లేదు. వెనకాల ఇంకో వంద దూడలు ఉండేవి. ఇప్పుడు ఊరికి పది కూడా లేని చోట, మంచి తల్లికి పుట్టిన దూడని ఒక ఎర్ర మచ్చ కోసం తీసేస్తే, ఆ తల్లి మంచితనం కూడా దాంతో పాటే పోతుంది. అది తిరిగి రాదు. పాతవాళ్ళ పట్టింపు తప్పని నేననడం లేదు. కాగితం లేని కాలంలో వాళ్ళకి అదే దారి, దానితోనే ఈ జాతిని మనదాకా తెచ్చారు. కానీ వాళ్ళకి లేని కాగితం మనకి అందుబాటులో ఉంది. చెవికి ట్యాగు, ఒక నోటు పుస్తకం, చేతిలో ఫోను. ఇవి ఉండి కూడా మనం తోక కుచ్చు చూసి తీర్పు చెబితే, అది సంప్రదాయం కాదు, బద్ధకం.

కాబట్టి పశువులున్న ప్రేక్షకులకి నేను చెప్పేది మూడే మాటలు. మొదటిది, దూడ పుట్టినరోజు, తల్లి, తండ్రి, ఈ మూడూ రాయండి. తండ్రిది సెమెన్ అయితే స్ట్రా మీదున్న నంబరు రాయండి. రెండోది, నల్ల ముట్టె, నల్ల కనురెప్పలు అనే పట్టింపు ఉంచుకోండి, దానికి కారణం ఉంది. మూడోది, మచ్చ ఉన్న దూడ పుడితే తొందరపడి అమ్మెయ్యకండి. కొన్ని దూడలు పుట్టినప్పుడు ఎర్రగా ఉండి, పెరిగాక తెల్లబడతాయి కూడా. మచ్చ ఉండిపోయినా సరే, తల్లి పాలు, తల్లి ఈతలు ఎలా ఉన్నాయో చూసి అప్పుడు నిర్ణయించండి.

ఆంబోతుకి అచ్చు వేసి వదిలిన మన తాతలకి ఒక సంగతి తెలుసు. ఊరి మంద రేపు ఎలా ఉంటుందో ఇవాళ్టి మన కన్నే నిర్ణయిస్తుంది. ఆ కన్ను ఏం చూస్తోందో మనం ఒకసారి చూసుకోవాలి, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో డెల్టా కాలవల మీద నడిచిన పడవల గురించి మాట్లాడుకుందాం.